వేలిని చూసి ఉంగరం కొనండి

ప్రొద్దుటూరు: ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే ఇక్కడి బంగారు అంగళ్ళకు తీరిక ఉండదు. జమ్మలమడుగు, మైదుకూరు, ఎర్రగుంట్ల పక్క పల్లెల నుంచి పొద్దున్నే బస్సు దిగిన కుటుంబాలు తాళిబొట్టు, గొలుసు, కమ్మలు ఒక్కొక్కటే గంటల తరబడి బేరమాడతాయి. ఇక తిరుగు బస్సు వేళయిందనగా ఎవరికో ఉంగరం గుర్తుకొస్తుంది. అద్దాల పెట్టెలో ముందు వరుసలో మెరుస్తున్నదేదో తీయించి, "సరే, ఇదే కట్టన్నా" అని లేచిపోతారు. కొలత ఎంతని అడిగితే, "మా చిన్నోని వేలంత ఉంటాదిలే" అని జవాబు. నిశ్చితార్థం నాడు పదిమంది ఎదుట ఆ ఉంగరం వేలి కణుపు దగ్గరే ఆగిపోతుంది. లేదా జారి తాంబూలం పళ్ళెంలో పడుతుంది. పెద్దమ్మ ఎవరో లోపలికి పోయి దారం తెచ్చి ఉంగరం అడుగున నాలుగు చుట్లు చుడుతుంది.

మన తాతల కాలంలో ఈ చిక్కు లేదు. నిశ్చితార్థమంటే లగ్నపత్రిక రాసుకొని తాంబూలాలు మార్చుకోవడమే. మామ అల్లుడికి పెట్టే కానుకగానో, పెళ్ళిలో బిందె నీళ్ళలో వేసి వధూవరుల చేత వెతికించే వేడుకలోనో ఉంగరం కనిపించేది. క్రైస్తవ కుటుంబాల్లో మాత్రం ఉంగరాలు మార్చుకోవడం తంతులో భాగం. ఇప్పుడు అన్ని ఇళ్ళలోనూ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఒకరికొకరు ఉంగరాలు తొడగడం రివాజయింది. ముచ్చటైన ఆచారమే. ఎటొచ్చీ, తొడుక్కునే మనిషిని ఒక్కమాట అడగకుండా కొనడమే తెలివితక్కువతనం.

ఆ చెయ్యి చేసే పని ఏమిటి?

ఉంగరం ఎంచేటప్పుడు మొదట అడగవలసింది ఈ ప్రశ్న. నాట్లు వేసి, కలుపు తీసి, పాలు పితికే చేతికి ఎత్తుగా రాయి నిలబెట్టిన ఉంగరం పనికిరాదు. బురద, పేడ రాయి కిందికి చేరి గట్టిపడతాయి. రాయిని పట్టి ఉంచే సన్నటి బంగారు గోళ్ళు చీర కొంగుకూ, గోనెసంచికీ తగులుకొని ఒక్కొక్కటే పైకి లేస్తాయి. అటువంటి చేతికి అంచులు నున్నగా ఉన్న సాదా కట్టు ఉంగరం నప్పుతుంది. రాయి ఉండి తీరాలంటే, చుట్టూ బంగారం గట్టు కట్టి, పైకి పొడుచుకు రాకుండా పొదిగించుకోవాలి. బోలు ఉంగరాలు చూపుకు లావుగా ఉన్నా, పార పిడి గట్టిగా పట్టుకుంటే నొక్కుకుపోతాయి.

పెళ్ళికొడుకు ట్రాక్టరు నడిపేవాడో, మోటార్లు రిపేరు చేసేవాడో, సిమెంటు ఫ్యాక్టరీలో పనివాడో అయితే ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. పైనుంచి దూకేటప్పుడు ఉంగరం ఏ కొక్కేనికో తగులుకుంటే వేలి చర్మం, కండ ఊడివచ్చే ప్రమాదం ఉంది. బంగారం కరెంటును బాగా పారనిస్తుంది గనుక స్టార్టరు పెట్టెలో, బ్యాటరీ మీద చెయ్యి పెట్టేటప్పుడు ఉంగరం తీసి తీరాలి. కాబట్టి ఇటువంటి వారికి సులభంగా ఊడి వచ్చే ఉంగరం కావాలి. నర్సు ఉద్యోగం చేసే అమ్మాయికీ అంతే. చేతులు శుభ్రం చేసుకునే ముందు ఆమె దాన్ని తీసి పెట్టవలసిందే. ముస్లిం కుటుంబాల్లో మగవారు బంగారం ధరించరాదన్న నియమం ఉంది గనుక వరునికి వెండి ఉంగరమే చేయిస్తారు.

రాళ్ళ సంగతి

కాఠిన్యంలో వజ్రాన్ని మించినది లేదు. ఆ తర్వాత కెంపు, నీలం. పచ్చ గీతలు పడకపోయినా దెబ్బకు చిట్లుతుంది. దానిలో పుట్టుకతోనే పగుళ్ళు ఉంటాయి. ముత్యం, పగడం మరీ మెత్తనివి. చింతపులుసు, నిమ్మరసం తగిలితే వాటి నిగనిగ పోతుంది. వంట చేసే చేతికి రోజూ తొడుక్కోవడానికి అవి తగవు. జాతకం చూపించుకొని రాయి నిర్ణయించేవారు ఉన్నారు. అది వారి నమ్మకం. ఆ రాయి మెత్తనిదైతే కుడిచేతికి కాకుండా పని తక్కువ చేసే చేతికి పెట్టుకోవచ్చునేమో పెద్దలను అడగాలి.

22 కారట్ల బంగారంలో వెయ్యి పాళ్ళకు 916 పాళ్ళు బంగారమే గనుక అది మెత్తన. అందుకే వజ్రాలను సాధారణంగా 18 కారట్లలో, అంటే 750 పాళ్ళ బంగారంలో పొదుగుతారు. అది మోసమేమీ కాదు, రాయి ఊడకుండా చేసే పద్ధతి. కాని ధర మాత్రం 18 కారట్లకే కట్టాలి.

ఈ వ్యాసకర్త ఇంట్లోనే ఒక అనుభవం ఉంది. మా నిశ్చితార్థానికి నేను కెంపు ఉంగరం కొన్నాను. ఆమెను అడగలేదు. మూడో ఏట వేరుశనగ కాయలు ఒలుస్తుండగా రాయి ఎక్కడో రాలిపోయింది. రెండు రోజులు ఇంటిల్లిపాదీ పొట్టు జల్లించాం. దొరకలేదు. ఖాళీ గూడుతో ఆ ఉంగరం ఇప్పటికీ బీరువాలో పడి ఉంది.

కొలత తీయడం

సాగని దారంగాని, సన్నటి కాగితం ముక్కగాని వేలి చుట్టూ చుట్టి, కలిసిన చోట గీత పెట్టాలి. వేలి మొదట్లో ఒకసారి, కణుపు మీద ఒకసారి చుట్టి చూడాలి. కాయకష్టం చేసేవారికి కణుపులు లావుగా ఉంటాయి. ఉంగరం దాటవలసింది ఆ కణుపునే. చలికి వేళ్ళు కాస్త ముడుచుకుంటాయి, ఎండకు, పని చేసినప్పుడు ఉబ్బుతాయి. అందుకని సాయంత్రం పూట కొలత తీయడం మేలు. ఏ చేతికి తొడుగుతారో ఆ చేతినే కొలవాలి. కువైట్‌లో ఉన్న పెళ్ళికొడుకైతే కాగితం ముక్కను స్కేలు మీద పెట్టి ఎన్ని మిల్లీమీటర్లో ఫోనులో చెబితే సరిపోతుంది. అసలు మనిషినే అంగడికి తీసుకుపోతే ఈ గొడవే లేదు. నంబర్లు వేసిన రింగుల గుత్తి అక్కడ ఉంటుంది, తొడిగి చూసుకోవచ్చు.

సాదా ఉంగరాన్ని తర్వాత కొంత పెద్దది, చిన్నది చేయవచ్చు. చుట్టూ రాళ్ళు పొదిగిన దానిని సవరించడం కష్టం.

ఎంతకు కొంటున్నాం?

లెక్క తేలిక కోసం గ్రాము 10 వేల రూపాయలు అనుకుందాం. ఉంగరం తూకం 4 గ్రాములు, అందులో రాళ్ళు అర గ్రాము. బంగారం మూడున్నర గ్రాములే గనుక 35 వేలు కట్టాలి. 4 గ్రాములకూ లెక్క వేస్తే 5 వేలు రాళ్ళకు బంగారం ధర ఇచ్చినట్లే. తరుగు నూటికి 10 అయితే 3,500. 18 అయితే 6,300. పనితనం ఎక్కువయ్యేకొద్దీ తరుగు, మజూరీ పెరుగుతాయి. దీనిపైన నూటికి 3 చొప్పున జీఎస్టీ. రేపు ఖరీఫ్‌లో విత్తనాలకు డబ్బు చాలక కుదువ పెట్టవలసి వస్తే, అప్పిచ్చేవారు బంగారాన్ని మాత్రమే లెక్కిస్తారు. రాళ్ళు, తరుగు, మజూరీ లెక్కలోకి రావు. ఆ అవసరం మన పల్లెల్లో ఎవరికి రాదు?

ఉంగరం లోపలివైపు మూడు గుర్తులు చూడాలి: బీఐఎస్ త్రికోణం ముద్ర, 22కె916 వంటి స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ సంఖ్య. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ సంఖ్య లేకుండా హాల్‌మార్కు నగలు అమ్మరాదు. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ సంఖ్య వేస్తే వివరాలు వస్తాయి. రెండు గ్రాములకు తక్కువ తూగే నగలకు హాల్‌మార్కు తప్పనిసరి కాదు గనుక పల్చటి ఉంగరాలు కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. "ఇది కేడీఎం" అంటే తృప్తిపడరాదు. అది కాడ్మియం కలిపిన టంకానికి సంబంధించిన మాట, స్వచ్ఛతకు గుర్తు కాదు. గల్ఫ్ నుంచి తెచ్చిన ఉంగరం మీద 875 అని ఉంటే అది 21 కారట్లది.

మా పెద్దవాడికి సంబంధం కుదిరాక ఈసారి ఉంగరం సంగతి మా ఇంటావిడే చేతికి తీసుకుంది. కోడలు కాబోయే అమ్మాయికి ఫోను చేసి, "ఎట్లాంటిది కావాలమ్మా, నువ్వే చెప్పు" అని అడిగింది. ఆ అమ్మాయి బట్టలు కుట్టి సంపాదించుకుంటుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"రాయి వద్దత్తా," అంది తర్వాత. "మిషన్ కాడ గుడ్డకు తగులుకుంటాది. సాదాది తీసుకోండి, రోజూ పెట్టుకుంటా."