లీజు గడువు తీరిన పిదప యజమానికి గల మార్గములు

గుంటూరు మిర్చి గోదాము గాని, చిలకలూరిపేట పత్తి జిన్నింగు మిల్లు గాని లీజు గడువు తీరిన నాడు యజమానికి మూడు మార్గములు కలవు.

మొదటిది, కొత్త షరతులతో లీజు వ్రాసికొనుట. అది ఒక సంవత్సరమునకు మించినదైనచో దస్తావేజు రిజిస్టరు కావలెను.

రెండవది, అద్దె పుచ్చుకొనుచు కొనసాగనిచ్చుట. వేరు ఒప్పందము లేనిచో, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 116వ సెక్షను ననుసరించి అది గోదామునకు నెలవారీ లీజుగాను, మిల్లునకు ఏటేటి లీజుగాను మారును. పిమ్మట ఖాళీ చేయింపవలెనన్న మొదటిదానికి 15 రోజుల, రెండవదానికి 6 నెలల నోటీసు ఇయ్యవలెను. ఒక్క రసీదు వలన ఇంత మార్పు రాగలదు!

మూడవది, స్వాధీనము కోరుట. నిర్ణీత గడువు తీరినచో వేరు నోటీసు అక్కరలేదు. కాని కిరాయిదారు కదలనిచో దావాయే శరణ్యము. తానే తాళము వేసిన యజమానిపై, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము క్రింద కిరాయిదారు 6 నెలలలోపు దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. అద్దె నియంత్రణ చట్టము వర్తించు భవనమైనచో, అందు చెప్పబడిన కారణము చూపక ఖాళీ చేయింపజాలరు.

మిర్చి రాక ముమ్మరముగా ఉండు ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల నడుమ గడువు తీరినచో నిండు గోదాము ఇరువురికిని చిక్కే. గడువు వేసవి దాటిన పిదప ముగియునట్లు ముందే వ్రాసికొనుట మేలని మా అభిప్రాయము. రేపు ఇట్టి పత్రములపై సంతకము చేయబోవు మన విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.