ఎర్ర గాజుకు మూడు ఆల్ఫాలు

దృశ్యాల పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి కలిపే కంపోజిటింగ్‌లో ఆల్ఫా చెప్పేది ఒక్కటే: ముందున్న పిక్సెల్ వెనకున్నదాన్ని ఎంత కప్పింది? సున్నా అయితే అసలు కప్పలేదు, ఒకటి అయితే పూర్తిగా కప్పింది. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ దీన్ని మూడు రంగుల పక్కన నాలుగో ఛానెల్‌గా చేర్చారు. దీంతో చేసే లెక్కలను 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక పత్రంలో స్థిరపరిచారు. ఒకటిలోంచి ఆల్ఫా తీసేయగా మిగిలినదాంతో వెనక రంగును గుణించి, ముందు రంగు కలపాలి. అంతే.

మనిషికీ గోడకీ బూడిద రంగు పొగకీ ఇది చాలు. చిక్కల్లా ఎర్ర గాజుతోనే. అది ఎరుపును దాదాపుగా వదిలేసి, ఆకుపచ్చనీ నీలాన్నీ ఆపేస్తుంది. ఒకే ఆల్ఫాకు ఆ పక్షపాతం తెలియదు, మూడింటికీ ఒకే కోత వేస్తుంది.

దాని వెనక ఒక ఆకు ఉందనుకోండి: ఎరుపు 0.1, ఆకుపచ్చ 0.6, నీలం 0.1. ఆల్ఫా 0.5 పెట్టి, గాజు రంగుగా 0.4 ఎరుపు కలిపితే వచ్చేది 0.45, 0.3, 0.05. అంటే ఆవపిండి రంగు. నిజానికి ఎర్ర గాజులోంచి ఆకు దాదాపు నల్లగా కనిపించాలి. ఇప్పుడు ఎరుపుకు 0.1, మిగతా రెంటికీ 0.9 చొప్పున వేర్వేరు ఆల్ఫాలు ఇచ్చి చూడండి: 0.09, 0.06, 0.01. నల్లబడింది. పైగా గాజు రంగంటూ విడిగా ఏదీ కలపలేదు. ముందు లేయర్‌లో ఉండాల్సింది గాజు మీది మెరుపు మాత్రమే. గాజును రంగు పూసిన ప్లాస్టిక్‌లా మార్చే తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. డైరెక్టర్ దాన్ని ‘ఏదో తేడాగా ఉంది’ అంటారు, సరిగ్గానే అంటారు.

ఇది ఎవరికీ తట్టని విషయమేం కాదు. 1988 నాటి రెండరింగ్ ప్రమాణం రెండర్‌మ్యాన్‌లోనే అపారదర్శకత మూడు భాగాల రంగు. ఎఫెక్ట్స్ స్టూడియో ఐఎల్ఎం 2003లో విడుదల చేసిన ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ ఇమేజ్ ఫార్మాట్‌లో ఏఆర్, ఏజీ, ఏబీ అనే ఛానెల్ పేర్లు సరిగ్గా దీనికోసమే ఉన్నాయి. ఉండటం వేరు, వాటిని ఎవరైనా నింపి పంపడం వేరు.

కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ న్యూక్‌లో మామూలు మెర్జ్ నోడ్ ‘ఓవర్’ ఒక్క ఆల్ఫానే చూస్తుంది కాబట్టి పనిని రెండుగా విడగొట్టాలి. ఈ మూడు ఆల్ఫాల రంగు మ్యాట్‌ను ఇన్వర్ట్ చేసి బ్యాక్‌గ్రౌండ్‌తో మల్టిప్లై చేయాలి, ఆ తర్వాత మెరుపుల లేయర్‌ను ప్లస్‌తో కలపాలి. కారు బాడీకి ఎరుపు, టైర్లకు ఆకుపచ్చ, అద్దాలకు నీలం అంటూ మూడు మాస్కులను ఒకే పాస్‌లో సర్దే ఆర్‌జీబీ మ్యాట్ వేరే సంగతి. దాన్ని తెచ్చి ఇక్కడ తగిలిస్తే సీన్ రంగుల రాట్నం అవుతుంది.

గాజు వెనక దృశ్యం వంగి కనిపించాలంటే మాత్రం మూడు కాదు, ముప్ఫై ఆల్ఫాలున్నా లాభం లేదు. ఆల్ఫా వెలుగును తగ్గించగలదు, పక్కకు జరపలేదు. దానికి బ్యాక్‌గ్రౌండ్‌ను విడిగా డిస్టార్ట్ చేయాలి, లేదా ఆ షాట్‌ను మళ్లీ లైటింగ్ వాళ్లకే పంపాలి.