బీరు గింజకు మన ఒడ్డునేల తగునా?

మైపాడు రైతు సోదరులారా! 2009లో పూణేలో డూలాలీ అను చిన్న బీరు తయారీశాల వెలసినది. మనదేశమున ఇట్టి శాలలలో తొలివాటిలో అది యొకటి. అందు బీరు కాచినది ఆలివర్ షౌఫ్ అను జర్మను నిపుణుడు. తరువాత హైదరాబాదులోను ఇట్టి శాలలు లేచినవి. త్రాగుట, మానుట మీ ఇష్టము. గింజ సంగతి మాత్రమే మా పని.

జర్మను బీరుకు మూలము బార్లీ. బార్లీ, హాప్స్ పువ్వు, నీరు తప్ప మరేమియు వాడరాదని 1516లోనే బవేరియాలో శాసనము చేసిరి. గింజను నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలిలో ఆరబెట్టినచో మాల్టు అగును. మన ఇండ్లలో రాగులకు చేయునదియు ఇదే. మొలకెత్తిన గింజలోని పిండి చక్కెరగా మారును. దానిని ఈస్టు పులియబెట్టును.

బార్లీ ఉప్పునేలను బాగుగా ఓర్చును. సముద్రపు ఒడ్డున భూమి గల మీకు ఈ మాట ఆశ పుట్టించును. తొందరపడకుడు. బార్లీ చలికాలపు పైరు, నవంబరులో విత్తవలెను. అప్పుడు మనకు తుఫాను వానలు. నీరు నిలిచిన చేనిలో దాని వేళ్ళు కుళ్ళును. వాన వెలిసిన పిదప విత్తుదమన్న, గింజ పాలుపోసుకొను వేళకు ఎండలు ముదిరి గింజ నొక్కుపోవును, అందు మాంసకృత్తులు హెచ్చును. అట్టి గింజనుండి చక్కెర తక్కువ దిగును, బీరు మసకబారును. మాల్టు వర్తకుడు కొనడు. పశువుల దాణాకే మిగులును. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులకు కలిసివచ్చినది వారి చలియే.

అయినను చూడదలచినవారు నీరు నిలువని మెరకలో ఒక్క సెంటు మాత్రము విత్తుడు. పండిన గింజను కొన్ని వారములు నిలువయుంచి, నూరు గింజలను తడిగుడ్డలో కట్టి మొలకలు లెక్కించుడు. 95కు తగ్గినచో మాల్టుకు పనికిరాదు. వేరుసెనగ చేనిని మాత్రము దీనికై వదలుకొనకుడు.