సముద్రరక్షణము – మానవహక్కులు – ధర్మనిధులు

నంది కొండలలో పుట్టిన పెన్న, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములను దాటి, చెన్నూరు ప్రక్కగా ప్రవహించి, నెల్లూరు జిల్లాలో ఊటుకూరు వద్ద బంగాళాఖాతమున కలియుచున్నది. కనుక సముద్రము చెన్నూరు వారికి దూరమే కాని పరాయిది కాదు. మన పొలములలో చల్లిన మందులు, మన వీథులలో పారవేసిన ప్లాస్టిక్కు వరదనీటితో ఆ దారినే పోవును. ఆ సముద్రమును, దానిని నమ్ముకొని బ్రతుకు జాలరుల హక్కులను కాపాడు పనులకు ధనము ఎచ్చటనుండి వచ్చును? కొంత ప్రభుత్వ మిచ్చును. మరికొంత ప్రైవేటు ధర్మనిధులు, అనగా ఫౌండేషనులు, ఇచ్చును. ఈ రెండవదానిని గురించి కొంచెము విచారింతము.

ప్రజోపయోగమునకై ధనము వినియోగించుట మనకు క్రొత్త కాదు. మన కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు నిర్మింపజేసెను. అక్కడి 1369వ సంవత్సరపు శాసనము ప్రకారము దినమునకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు రెండు సంవత్సరములు పనిచేసిన పిదప ఆ చెరువు పూర్తియైనది. శాసనము అంతటితో ఆగలేదు. మంచి చెరువునకు కావలసిన సాధనములు 12 అనియు, దానిని చెరచు దోషములు 6 అనియు లెక్క చెప్పినది. ధర్మబుద్ధి, సంపద గల ప్రభువు ఒక సాధనము. జలశాస్త్రము నెరిగినవాడు మరియొక సాధనము. ధనము పండ్రెండింటిలో ఒకదానియందలి భాగము మాత్రమే యని మన పూర్వు లెరుగుదురు. నేటి ఫౌండేషనులను కొలుచుటకును ఈ కొలబద్ద పనికివచ్చును.

ఫౌండేషను అను మాట నేడు రెండర్థములలో వాడుకలో నున్నది. మొదటిది, దాత యొక మూలధనమును విడిగా నుంచి, దానిపై వచ్చు ఆదాయమును పనిచేయు సంస్థలకు విరాళముగా నిచ్చునది. అమెరికాలో 1964లో స్థాపితమైన ప్యాకర్డ్ ఫౌండేషను ఇట్టిది. సముద్రరక్షణకు ధనమిచ్చు సంస్థలలో అది పేరు పొందినది. రెండవది, పేరు ఫౌండేషనే యైనను, ఇతరులనుండి నిధులు సేకరించి స్వయముగా పనిచేయునది. మన దేశమున కనబడునవి ఎక్కువగా ఈ రెండవ కోవకు చెందినవి.

విదేశీ విరాళములు తీసికొనుటకు చట్టపు కట్టుబాట్లు కలవు. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రింద ముందుగా అనుమతి పొందవలెను. 2020 సవరణ ప్రకారము ఆ ధనములో నూటికి 20 వంతులకు మించి కార్యాలయపు ఖర్చులకు వాడరాదు. ఒక సంస్థ పొందిన విరాళమును మరొక సంస్థకు బదలాయింపరాదు. ఇక స్వదేశమున, 2013 కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు సగటు లాభములో నూటికి 2 వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను.

ఈ ధనము సముద్రతీరమున ఎట్టి చిక్కులను ఎదుర్కొనునో ఒక ఉదాహరణమున చూతము. ఒడిశాలోని గంజాం తీరపు జాలరులలో తెలుగు మాటలాడువారు అధికము. అక్కడి ఋషికుల్య నదీముఖమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టునని 1994లో శాస్త్రజ్ఞులకు తెలియవచ్చినది. 2025లో 6 లక్షలకు పైగా తాబేళ్లు అచ్చట గ్రుడ్లు పెట్టినట్లు లెక్కించిరి. తాబేలు ఊపిరికై నీటిపైకి రావలెను. మరపడవలు ఈడ్చు వలలలో చిక్కినచో ఊపిరాడక చచ్చును. అందుచే ఏటేట నవంబరు 1 మొదలు మే 31 వరకు ఆ నదీముఖము నెదుట సముద్రమున వేటను నిషేధించుచున్నారు.

న్యాయమే కదా అనిపించును. కాని ఏడు నెలలు వేట లేనిచో చిన్న పడవవాని యింట పొయ్యి వెలుగుట ఎట్లు? తాబేలును రక్షించిన కీర్తి లోకమునకు, దాని వెల జాలరికి ఐనచో అది ధర్మమగునా? ఇచ్చటనే సముద్రరక్షణము, మానవహక్కులు ఒకే ప్రశ్నయగుచున్నవి. ఈ రెండు పక్షములను ఒకచోట కూర్చుటకు 2004లో జాలరుల సంఘములు, ప్రకృతిరక్షకులు కలిసి ఒడిశాలో ఒక ఉమ్మడి వేదిక నేర్పరచిరి. బెంగుళూరులో 2008లో నెలకొన్న దక్షిణ్ ఫౌండేషను ఋషికుల్యవద్ద తాబేళ్లను పరిశీలించుచు, తీరవాసుల హక్కులనుగూర్చియు పనిచేయుచున్నది.

మన గోదావరి ముఖమున మరొక పాఠము గలదు. కోరింగ ప్రాంతపు మడ అడవులు నరికినచోట్ల నేల క్రుంగి, ఆటుపోటుల నీరు నిలిచిపోయి, ఉప్పు పేరుకొని, మొక్క మొలవకుండెను. శాస్త్రవేత్త స్వామినాథన్ పేరిట 1988లో ఏర్పడిన పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరగ్రామముల ప్రజలు కలిసి, చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించిరి. పోటునీరు వచ్చి పోవుటతో ఉప్పు తగ్గి, మడ మొక్కలు తిరిగి నిలద్రొక్కుకొనెను. పీతలు, రొయ్యలు పెరుగుట ఆ వేళ్ల నీడలోనే గనుక, అడవి నిలిచిన జాలరి బ్రతుకు నిలుచును. ఇచ్చట ధనము, శాస్త్రము, గ్రామస్థుల శ్రమ మూడును కలిసినవి.

ఐనను నిధులు స్వీకరింపని మార్గమును కలదు. 1998లో ఏర్పడిన మానవహక్కుల వేదిక దాతృసంస్థల ధనము పుచ్చుకొనక సభ్యుల, సానుభూతిపరుల చందాలతోనే నడచుచున్నది. హక్కులకై పోరాడువాడు ఎవరికిని ఋణపడియుండరాదని దాని భావము. మరొకవైపు 1981లో స్థాపితమైన ఎం. వి. ఫౌండేషను దాతల సహాయముతోనే బాలకార్మికులను వేలకొలదిగా బడికి చేర్చినది. దాని సారథి శాంతా సిన్హాకు 2003లో మెగసేసే బహుమానము లభించినది. ఏది సరి? చేయవలసిన పనిని బట్టి చెప్పవలెను. అధికారము నెదిరించి నిలువవలసిన పనికి స్వాతంత్ర్యము ప్రాణము. బడి నడుపుటకు, కాలువ త్రవ్వుటకు ధనము ప్రాణము.

కాబట్టి ఏ ధర్మనిధిని గూర్చి విన్నను మూడు ప్రశ్నలు వేయుట మంచిది. ఈ ధనము ఎవరిది? పని యేదియని నిర్ణయించునది దాతయా, అచ్చటి ప్రజలా? ధనము ఆగిపోయిన మరునాడు ఆ పనిని నిలుపువా రెవరు? పోరుమామిళ్ల చెరువు నేటికిని మిగిలియున్నదన్నచో, కట్టించినవాని దాతృత్వముతోపాటు, తరతరములుగా కట్టను కాపాడిన గ్రామస్థుల శ్రమయు అందుకు కారణమే.