చిన్న గదిలో సబ్‌వూఫర్ అమరిక

సబ్‌వూఫర్ అనగా సంగీతంలోని మంద్ర ధ్వనులను, అంటే సుమారు 20 నుండి 120 హెర్ట్జ్‌ల వరకు గల పౌనఃపున్యాలను వినిపించుటకు ప్రత్యేకించిన స్పీకరు. డోలు, మృదంగం తొప్పి, బేస్ గిటారు వంటి వాద్యాల గాంభీర్యం దీని ద్వారా తెలుస్తుంది. చిన్న గదిలో దీని పనితీరు పెట్టె పరిమాణం కంటే, అది ఉన్న చోటు పైన, శ్రోత కూర్చున్న చోటు పైన ఎక్కువగా ఆధారపడుతుంది. కావున శబ్దం బాగాలేదని మరొకటి కొనడానికి ముందు ఉన్నదానిని జరిపి చూడటం మంచిది.

గది ప్రభావం

ఎదురెదురు గోడల నుండి పరావర్తనం చెందిన తరంగాలు కలిసి స్థిర తరంగాలు ఏర్పడతాయి. తరంగదైర్ఘ్యంలో సగం గది కొలతకు సమానమైనపుడు మొదటి అనునాదం కలుగుతుంది. దీని పౌనఃపున్యం = ధ్వని వేగం ÷ (2 × గది కొలత).

ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిని తీసుకుందాం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. పొడవు వలన 48 హెర్ట్జ్ వద్ద, వెడల్పు వలన 57 హెర్ట్జ్ వద్ద అనునాదం కలుగుతుంది. ఎత్తు కూడా వెడల్పుతో సమానం కనుక 57 హెర్ట్జ్ వద్ద రెండు అనునాదాలు కలిసి, ఆ స్వరం మితిమీరి మోగవచ్చు.

ఈ మొదటి అనునాదంలో పీడన మార్పు గోడల వద్ద అత్యధికంగా, నడుమ అత్యల్పంగా ఉంటుంది. అందువలన పై గదిలో పొడవుకు సరిగ్గా మధ్యన కూర్చున్నవారికి 48 హెర్ట్జ్ ధ్వని చాలా తక్కువగా వినబడుతుంది. గోడకు ఆనుకొని కూర్చున్నవారికి అదే ధ్వని ఎక్కువగా వినబడుతుంది.

నిడదవోలు వంటి గోదావరి డెల్టా పట్టణాలలో ఇటుక గోడలు, సిమెంటు శ్లాబు గల ఇళ్ళు సాధారణం. ఇవి పలుచని జిప్సం గోడల వలె కంపించి మంద్ర ధ్వనిని గ్రహించవు. చాలా భాగాన్ని తిప్పి పంపుతాయి. పలుచని తెరలు కూడా దీనిని ఆపలేవు. తెరచిన తలుపుల గుండా కొంత శక్తి బయటకు పోతుంది.

స్థానాన్ని నిర్ణయించే పద్ధతి

# సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా శ్రోత కూర్చునే కుర్చీపై ఉంచాలి.
# మంద్ర స్వరాలు పలు విధాలుగా మారే ఒక పాటను ఒకే స్థాయిలో వినిపించాలి.
# చెవిని నేలకు దగ్గరగా ఉంచి, గోడల వెంబడి నెమ్మదిగా కదలాలి.
# స్వరాలన్నీ సమానంగా, స్పష్టంగా వినిపించిన చోట సబ్‌వూఫర్‌ను అమర్చాలి. అతి బిగ్గరగా వినబడే చోటు ఉత్తమమైనది కానవసరం లేదు.

ధ్వని జనకం, శ్రోత పరస్పరం స్థానాలు మార్చుకున్నా వాటి మధ్య గది ప్రభావం మారదు. ఈ పద్ధతికి ఆధారం ఇదే. సుమారు 80 హెర్ట్జ్‌లకు దిగువన ధ్వని వచ్చే దిశను చెవి గుర్తించలేదు కనుక పెట్టె ఒక పక్కకు ఉన్నా ఇబ్బంది లేదు.

మూల, గోడ, రెండు పెట్టెలు

మూలలో ఉంచినపుడు అన్ని అనునాదాలు ప్రేరేపితమై ధ్వని బలపడుతుంది. చిన్న పెట్టెకు ఇది లాభమే గాని, కొన్ని స్వరాలు హోరెత్తవచ్చు. గోడ మధ్యన ఉంచితే ఆ గోడ పొడవుకు సంబంధించిన మొదటి అనునాదం తగ్గుతుంది. 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో టాడ్ వెల్టి సమర్పించిన పత్రం, ఎదురెదురు గోడల మధ్యన రెండు సబ్‌వూఫర్లను ఉంచితే వేర్వేరు ఆసనాల మధ్య తేడా బాగా తగ్గుతుందని చూపింది.

జాగ్రత్తలు

* పొరుగింటితో కలిసిన గోడకు ఆనించరాదు. మంద్ర ధ్వని గోడలను సులువుగా దాటుతుంది.
* ఇనుప బీరువా, గాజు తలుపులు గలగలలాడుతున్నవేమో చూసుకోవాలి.
* పెట్టె వెనుక గాలి రంధ్రం ఉన్నచో గోడకు కొంత ఎడం ఉంచాలి.
* దశ మార్చే మీటను 0, 180 డిగ్రీల వద్ద మార్చి చూచి, కుర్చీ వద్ద ధ్వని నిండుగా వినబడిన స్థితిలో ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* ధ్వని
* అనునాదం
* స్థిర తరంగాలు