వార్తల్లో పదం: అంతర్గత నిర్వాసితులు

హింస, విపత్తుల వంటి కారణాలతో ఇల్లు విడిచినా దేశం దాటనివారు అంతర్గత నిర్వాసితులు. శరణార్థులకు 1951 అంతర్జాతీయ ఒప్పందం అండ ఉంది. ప్రపంచ స్థాయిలో వీరికి ఉన్నవి 1998 నాటి ఐరాస మార్గదర్శకాలే. వాటికి చట్టబలం లేదు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టు వ్యతిరేక సాయుధ దళం సల్వాజుడుం మొదలయ్యాక, దానికీ మావోయిస్టులకూ మధ్య నలిగిన గొత్తికోయ ఆదివాసీలు నేటి తెలంగాణలోని ఖమ్మం, భద్రాచలం అడవులకు తరలివచ్చారు. చెలమ నీళ్లు తాగుతూ, మిర్చి ఏరే కూలికి వెళ్తున్నారు. రైతులకు కూలీలు దొరికారు. అయితే పోడు సాగు విషయంలో అటవీశాఖతో ఘర్షణలు పెరిగాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలైన వీరికి తెలంగాణలో ఆ గుర్తింపు లేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికే భూమి సాగులో ఉండాలి. ఆ తర్వాత వచ్చినవారికి పట్టా రాదు.

పట్టాల వివాదం తేలేదాకా ఆగకుండా వీరి పిల్లలకు బడి, గూడేలకు మంచినీరు, వైద్యం ప్రభుత్వాలు వెంటనే అందించాలి.