కప్ప చెప్పిన ఖండాల కథ

ముక్కు చూస్తే పందిపిల్ల. రంగు చూస్తే నిగనిగలాడే వంకాయ. ఒళ్లు చూస్తే గాలి ఊదిన తిత్తి. కాళ్లేమో బాగా పొట్టి. ఇదీ ఓ కప్పేనంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. కానీ కప్పే! అదీ అలాంటిలాంటి కప్ప కాదు, డైనోసార్ల కాలంనాటి వంశానికి వారసురాలు.

కేరళలోని ఇడుక్కి జిల్లాలో దొరికిన ఈ ఊదారంగు కప్ప గురించి ఎస్.డి. బిజు, బెల్జియంలో పనిచేసే ఫ్రాంకీ బోసైట్ 2003 అక్టోబరులో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. పెట్టిన పేరు నాసికాబాట్రాకస్ సహ్యాద్రెన్సిస్. నాసిక అంటే ముక్కు. బాట్రాకస్ అంటే గ్రీకులో కప్ప. ఇక సహ్యాద్రి దాని పుట్టిల్లు. సుమారు 7 సెంటీమీటర్లుండే ఈ జీవి ఏడాదంతా మట్టిలోపలే ఉండి చెదపురుగులు తిని బతుకుతుంది. తొలకరి వానలు పడ్డాక గుడ్లు పెట్టడానికి కొద్దిరోజులు పైకి వస్తుంది, అంతే. అందుకే అన్నేళ్లపాటు శాస్త్రవేత్తల కళ్లు కప్పగలిగింది. దీని తోకకప్పల్ని నెల్సన్ అనండేల్ 1918లోనే వర్ణించినా, అవి పెరిగి ఏ కప్ప అవుతాయో అప్పట్లో తెలియలేదు.

చుట్టాలెక్కడ?

కొత్త జీవి దొరికితే ముందు తేల్చాల్సింది అది ఎవరి తాలూకు అన్నదే. రూపాన్ని నమ్ముకుంటే కష్టం. మట్టి తవ్వుకుని బతికే కప్పలు ఏ దేశంలో ఉన్నా కాస్త గుండ్రంగా, పొట్టి కాళ్లతోనే ఉంటాయి. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదుగా! అందుకే శాస్త్రవేత్తలు డీఎన్‌ఏని ఆశ్రయించారు.

అది చెప్పిన జవాబు అందర్నీ ఆశ్చర్యపరిచింది. ఈ కప్పకు దగ్గరి బంధువులున్నది సీషెల్స్ దీవుల్లో. అంటే పడమటి కనుమల నుంచి సుమారు 3,000 కిలోమీటర్ల దూరంలో! ఆ బంధువుల్లో ఒకటైతే మన వేలి గోరంత ఉంటుంది. మరి ఉప్పునీరు పడని కప్పలు అంత సముద్రం ఎలా దాటాయి? అవి దాటలేదు. సముద్రమే వాటి మధ్యకు వచ్చింది.

తప్పుల లెక్క

డీఎన్‌ఏ వయసెలా చెబుతుంది? తాళపత్రాలు గుర్తు చేసుకుంటే సులువుగా అర్థమవుతుంది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతులెన్నో సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. ఓ లేఖకుడు ఒకచోట అక్షరం తప్పు రాస్తే, దాన్ని చూసి రాసిన ప్రతుల్లోనూ సాధారణంగా ఆ తప్పే వస్తుంది. కాబట్టి రెండు ప్రతుల్లో ఒకే రకం తప్పులుంటే అవి ఒకే మూలం నుంచి వచ్చాయని అనుకోవచ్చు. తేడాలు పెరిగేకొద్దీ ఆ రెండూ విడిపోయి చాలాకాలమైనట్టే.

తరాలు మారేటప్పుడు డీఎన్‌ఏలోనూ ఇలాంటి మార్పులే చేరుతుంటాయి. రెండు జీవుల్లో ఆ తేడాలెన్నో లెక్కపెడతారు. వయసు తెలిసిన శిలాజాల సాయంతో, ఎన్ని లక్షల ఏళ్లకు ఎన్ని మార్పులు వస్తున్నాయో అంచనా వేస్తారు. దాన్నిబట్టి ఆ రెండింటి దారులూ ఎప్పుడు వేరయ్యాయో కడతారు. దీన్నే 'మాలిక్యులర్ క్లాక్' అంటారు. అయితే ఈ గడియారం అన్ని జీవుల్లో, అన్ని జన్యువుల్లో ఒకే వేగంతో నడవదు. ఎంచుకున్న శిలాజాలను బట్టీ లెక్క మారుతుంది. కోటి ఏళ్లు అటూ ఇటూ అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

2003 నాటి లెక్క ప్రకారం ఈ రెండు కప్పల వంశాలు వేరుపడింది దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట. అప్పటికి భారత్, మడగాస్కర్, సీషెల్స్ ఒకటే భూభాగం. సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్, 6.5 కోట్ల ఏళ్ల కిందట సీషెల్స్ మన నేల నుంచి విడిపోయాయి. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండగానే వేరుకాపురాలు పెట్టారన్నమాట. తరవాత ఆ ఇల్లే ముక్కలైంది. ఒక ముక్క దీవులుగా మిగిలింది. మరొకటి మన కప్పను మోసుకుంటూ ఉత్తరానికి వచ్చి ఆసియాను ఢీకొట్టింది.

హైదరాబాద్‌లో తేలింది

ఈ కథలో హైదరాబాద్‌లోని సీసీఎంబీకీ చోటుంది. అక్కడి శాస్త్రవేత్త రమేశ్ అగర్వాల్ సహా కొందరు 2004లోనే ఈ కప్ప డీఎన్‌ఏ మీద పరిశోధన ప్రచురించారు. ఆ తరవాత గోదాదేవి పుట్టిన శ్రీవిల్లిపుత్తూరు దగ్గరి కొండవాగుల్లో దొరికిన తోకకప్పల జన్యువులు చూస్తే, అది వేరే జాతి అని తేలింది. 2017లో దానికి నాసికాబాట్రాకస్ భూపతి అని పేరు పెట్టారు. 2014లో మరణించిన సరీసృపాల నిపుణుడు సుబ్రమణియం భూపతి జ్ఞాపకార్థం పెట్టిన పేరది. మొదటి జాతి నైరుతి వానలకు గుడ్లు పెడితే, రెండోది ఈశాన్య రుతుపవనాల కోసం చూస్తుంది.

కొమ్మ విరిగితే...

ఇప్పటిదాకా ఈ కుటుంబంలో పేరు పెట్టిన జాతులు ఈ రెండే. వీటి తోకకప్పలు ఉరకలేసే వాగుల్లో, నోటితో రాళ్లను కరుచుకుని పెరుగుతాయి. ఇడుక్కి ప్రాంతంలో కొందరు వాటిని ఆహారంగా పట్టుకుంటున్నారని, ఈ జాతికి అదో ముప్పని 2015లో ఓ అధ్యయనం చెప్పింది. వాగుకి అడ్డంగా చిన్న కట్ట పడి ప్రవాహం ఆగినా వాటికి బతుకు లేదు.

చాలా జంతువులకు ఒక జాతి పోయినా దగ్గరి చుట్టాలు కొన్నయినా మిగులుతాయి. ఈ కప్పలకు ఆ ధీమా లేదు. ఈ రెండూ పోతే కోట్ల ఏళ్ల వంశమే తుడిచిపెట్టుకుపోతుంది. ఖండాల్ని దాటొచ్చిన కప్పకు ఇప్పుడు కావలసిందల్లా వానాకాలంలో పారే ఓ చిన్న వాగు.